బ్యాట్‌మన్ కార్టూను ధారావాహిక : ఉత్తరభాగ పరిణామము

చిరకాలము సాగిన కృతి యేదియు మొదలైనట్లే ముగియదు. కర్తలు మారవచ్చును, కర్తలు వారే యైనను వారి వయస్సు, అభిరుచి, పోషకుల యిచ్ఛ మారవచ్చును. మన వాఙ్మయమున ఇందుకు రెండు ప్రసిద్ధోదాహరణములు కలవు. ఆంధ్ర మహాభారతము వేర్వేఱు శతాబ్దులకు చెందిన మువ్వురు కవుల చేతులమీదుగా వెలసినది. కథ యొక్కటియే, నడక మారినది. రామకథ సంగతి వేఱు. అందు నడకకంటె వస్తువే మారినది. రావణవధానంతరము కథ యుద్ధభూమిని విడిచి నాయకుని గృహమున ప్రవేశించును. పూర్వకథలో శత్రువును జయించిన వీరుడు ఉత్తరకథలో స్వజనమునకు దూర మగును. తిక్కన నిర్వచనోత్తరరామాయణమును, కంకంటి పాపరాజు ఉత్తరరామాయణమును చదివినవారికి ఈ భేదము సువిదితము. మొదటిదానిని శైలీపరిణామ మనియు, రెండవదానిని వస్తుపరిణామ మనియు వ్యవహరింపవచ్చును.

ఈ రెండు పరిణామములును ఒకే కాలమున, ఒకే కృతియందు సంభవించిన ఆధునికోదాహరణ మొకటి కలదు. అది అమెరికాదేశమున 1992 మొదలు 1999 వఱకు టెలివిజనులో ప్రసారమైన బ్యాట్‌మన్ కార్టూను ధారావాహిక. బాలుర కొరకు నిర్మింపబడియు పెద్దల ఆదరమును పొందిన యీ కృతి తుదిసీజనులలో రూపు మార్చుకొన్నది. ఆ మార్పును గూర్చి నేటికిని అభిప్రాయభేదము కలదు. కొందఱు దానిని క్షీణత యందురు. కొందఱు ప్రౌఢి యందురు. ఉభయపక్షములవారును తఱచుగా బొమ్మల రేఖలను గూర్చియే వాదింతురు. రేఖలు మారినమాట నిజము. కాని అంతకంటె లోతైన మార్పు వస్తువునందు కలదనియు, పూర్వభాగమున ప్రతినాయకుని దుఃఖ మాక్రమించిన స్థానమును ఉత్తరభాగమున నాయకుని గృహదుఃఖ మాక్రమించినదనియు మా అభిప్రాయము. దానిని సోదాహరణముగా నిరూపించుటయే యీ వ్యాసమున మేము చేయదలచిన పని.

రచనాచరిత్ర

బ్యాట్‌మన్ అను పాత్ర 1939వ సంవత్సరమున ‘డిటెక్టివ్ కామిక్స్’ 27వ సంచికలో పుట్టినది. దాని సృష్టికర్తలు బాబ్ కేన్, బిల్ ఫింగర్. కథాబీజము మిక్కిలి చిన్నది. గోథమ్ అను కల్పిత నగరమున ధనికుల బిడ్డ యగు బ్రూస్ వేన్ బాల్యమున తన కన్నులయెదుట తల్లిదండ్రులు హత్యకు గుఱియగుట చూచెను. పెరిగి పెద్దవాడై, గబ్బిలపు వేషమున రాత్రులందు నేరములతో పోరాడ నిశ్చయించెను. అతనికి అతిమానుషశక్తులు లేవు. దేహబలము, బుద్ధి, ధనము మాత్రమే కలవు. 1940లో అతనికి రాబిన్ అను బాలసహచరుడు కల్పింపబడెను. 1966–68 నడుమ నటీనటులతో ప్రసారమైన టెలివిజను ధారావాహిక యీ కథను హాస్యముగా నడిపెను. 1989లో టిమ్ బర్టన్ దర్శకత్వమున వచ్చిన చలనచిత్రము దానిని మఱల చీకటిలోనికి కొనిపోయెను.

ఈ నేపథ్యమున, బ్రూస్ టిమ్, ఎరిక్ రడామ్‌స్కీ అనువారలు రూపొందించిన ‘బ్యాట్‌మన్: ది యానిమేటెడ్ సీరీస్’ 1992 సెప్టెంబరు 5వ తేదీన ఫాక్స్ సంస్థవారి బాలల కార్యక్రమములలో ప్రారంభమైనది. మొదట 65 ఎపిసోడులును, పిదప 20 ఎపిసోడులును, వెరసి 85 నిర్మింపబడినవి. 1994లో ధారావాహిక పేరు ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ బ్యాట్‌మన్ అండ్ రాబిన్’ అని మారినది. రాబిన్ పాత్రకు ప్రాధాన్యము పెరిగినది. 1995 సెప్టెంబరులో ఈ ప్రసారము ముగిసినది. రెండేండ్ల విరామానంతరము, 1997 సెప్టెంబరు 13వ తేదీన, వేఱొక ప్రసారసంస్థయందు ‘ది న్యూ బ్యాట్‌మన్ అడ్వెంచర్స్’ అను పేర 24 ఎపిసోడులు మొదలైనవి. 1999 జనవరి 16వ తేదీతో అవి ముగిసినవి. మొత్తము 109. సౌలభ్యము కొరకు మొదటి 85 ఎపిసోడులను పూర్వభాగ మనియు, తుది 24 ఎపిసోడులను ఉత్తరభాగ మనియు పేర్కొందుము.

కర్తృత్వవిషయమున ఒక్కమాట. టిమ్‌తోపాటు రచయితలగు పాల్ డీని, ఆలన్ బర్నెట్ ఉభయభాగములకును పనిచేసిరి. బ్యాట్‌మన్‌కు గాత్రమిచ్చిన కెవిన్ కాన్‌రాయ్, జోకరునకు గాత్రమిచ్చిన మార్క్ హామిల్ ఉభయభాగములందును ఉన్నారు. కావున ఇచట కలిగిన మార్పును వేఱొక కవి చేయి చేసికొనుటచేత కలిగినదని తోసివేయరాదు. మొదటి కర్తలే మారిరి. అందుచేతనే యిది విచారణీయము.

పూర్వభాగ స్వరూపము

కార్టూనులయందు కథావేదికయగు పరిసరమును సాధారణముగా తెల్లని కాగితముపై చిత్రింతురు. రడామ్‌స్కీ ఆ పద్ధతిని త్రోసి, నల్లని కాగితముపై రంగులు వేయించెను. చిత్రకారుడు తెలుపులో నీడను నింపుటకు మాఱుగా చీకటిలోనుండి వెలుగును బయటికి తీయవలసివచ్చెను. గోథమ్ నగరమున వెలుగు ఎల్లప్పుడును అరుదుగా, ఎచటనుండియో వచ్చినదానివలె తోచుటకు కారణ మిదియే. భవనములు 1930–40ల నాటి ఆర్ట్ డెకో రీతిలో నిటారుగా నిలుచును. ఆకాశమున పోలీసువారి గాలియోడలు తిరుగును. ఇండ్లలో టెలివిజనులు నలుపు తెలుపులలోనే కనబడును. కథాకాల మిదియని నిశ్చయింపరాదు. 1941–42 నాటి ఫ్లైషర్ సోదరుల సూపర్‌మన్ చిత్రముల ప్రభావ మిందు స్పష్టము. షర్లీ వాకర్ పర్యవేక్షణమున వాద్యబృందముచేత సమకూర్చబడిన సంగీతము దీనికి తోడైనది. ఆలంకారికుల పరిభాషలో చెప్పవలసినచో ఉద్దీపనవిభావమును పూర్వభాగకర్తలు అద్భుతముగా పోషించిరి. ప్రారంభదృశ్యమున ధారావాహిక పేరు సైతము వ్రాయలేదు. మేడపై నిలిచిన ఆకృతి మెఱపు వెలుగున ఒక్కక్షణము కనబడును. ఆ వెలుగే నామనిర్దేశము.

ఇట్టి చీకటిలో కర్తలు దేనిని చూపిరి? మేము పరిశీలించినంతలో, ప్రతినాయకుని దుఃఖమును. అందుకు ఉత్తమోదాహరణము 1992 సెప్టెంబరు 7న ప్రసారమైన ‘హార్ట్ ఆఫ్ ఐస్’. డీని రచించిన యీ ఎపిసోడునకు టిమ్ దర్శకుడు. మిస్టర్ ఫ్రీజ్ అను ప్రతినాయకుడు అంతకుముందు కామిక్సులలో మంచుతుపాకి పట్టిన సామాన్యపు దొంగ. డీని అతనికి విక్టర్ ఫ్రైస్ అను శాస్త్రజ్ఞుని పూర్వచరిత్రను, నోరా అను భార్యను కల్పించెను. నోరాకు చికిత్స లేని వ్యాధి. మందు దొరకునంతవఱకు ఆమెను శీతనిద్రలో నుంచుటకు ఫ్రైస్ యత్నించుచుండగా, సంస్థాధిపతి యగు ఫెరిస్ బాయిల్ వ్యయము కారణముగా ఆ పరికరములను ఆపివేయించెను. ఆ పెనుగులాటలో ఫ్రైస్ దేహము చలిలో తప్ప బ్రతుకలేనిదయ్యెను. ప్రతీకారమునకై వచ్చిన అతనిని బ్యాట్‌మన్ ఓడించును. కాని బాయిల్ నేరమును లోకమునకు వెల్లడించును. తుదిదృశ్యమున గెలుపు లేదు. చెఱసాలగదిలో ఫ్రైస్ ఒక్కడే, గాజుగోళములోని నర్తకీప్రతిమను చేతబట్టి, లేని భార్యతో మాటలాడుచుండును. రచనకై ఈ ఎపిసోడు డేటైమ్ ఎమ్మీ పురస్కారమును పొందెను. ఈ పూర్వచరిత్ర పిదప కామిక్సులలోనికి ప్రవేశించెను.

ఈ కథలో బ్యాట్‌మన్ స్థానమేమి? అతడు యుద్ధము చేయును. కాని ప్రధానముగా అతడు సాక్షి. ప్రతినాయకుని వేదనను చూచి గ్రహించుటకు అతడు ఉండును. అతని ద్వారమున ప్రేక్షకుడును గ్రహించును. ‘టూ-ఫేస్’ అను రెండు ఎపిసోడుల కథయందు న్యాయవాది హార్వీ డెంట్ పతనమును స్నేహితుడగు బ్రూస్ వేన్ నిస్సహాయుడై చూచుట యిట్టిదే. నాయకుని సొంత దుఃఖము పూర్వభాగమున లేకపోలేదు. ‘పర్చాన్స్ టు డ్రీమ్’ అను కథలో అతడు తల్లిదండ్రులు బ్రతికియున్న స్వప్నలోకమున మేల్కొనును. పుస్తకమందలి అక్షరములు చదువరాక గజిబిజిగా నుండుటచేత అది కల యని యెఱుగును. ఆ సుఖమును తానే త్యజించును. కాని యా దుఃఖము కూడ గతమునకు సంబంధించినది. అది అతని కవచము. దానివలన అన్యులకు గాయము కాదు.

పూర్వభాగమున గృహము

బ్యాట్‌మన్ ఇంటిలో సేవకుడు ఆల్‌ఫ్రెడ్, పెంపుడుబిడ్డవంటి డిక్ గ్రేసన్ కలరు. డిక్ గ్రేసనే రాబిన్. మొదటి 65 ఎపిసోడులలో రాబిన్ కొన్నిటియందే కనబడును. ఆ కొన్నిటిలో శ్రేష్ఠము 1993 ఫిబ్రవరిలో ప్రసారమైన ‘రాబిన్స్ రెకనింగ్’. దాని మొదటి భాగము ఎమ్మీ పురస్కారమునకు పాత్రమైనది. సర్కసునందు ఉయ్యెలపై విన్యాసములు చేయు డిక్ తల్లిదండ్రులను టోనీ జూకో అను దుండగుడు త్రాళ్లను చెఱిచి చంపెను. ఏండ్ల తరువాత జూకో మఱల కనబడగా బ్యాట్‌మన్ రాబిన్‌ను ఆ పనిలోనికి రానీయడు. రాబిన్ ఆజ్ఞ మీఱి వచ్చి, హంతకుని చేజిక్కించుకొనియు చంపక విడిచిపెట్టును. తన ఆవేశమునకు భయపడియే తన్ను దూరముగా నుంచెనేమో యని రాబిన్ తలపోయగా, బ్యాట్‌మన్ కాదనును. అతని భయము వేఱు: ఆ హంతకుని చేత రాబిన్‌ను కూడ పోగొట్టుకొందునేమో యని.

ఈ ఘట్టము మిక్కిలి ముఖ్యము. ఆజ్ఞ కఠినము, దాని మూలము వాత్సల్యము. పూర్వభాగమున ఆ వాత్సల్యము ఒక్కమాటచేత వెల్లడియై, అపార్థము తొలగును. ఉత్తరభాగమున ఆ యొక్కమాట పలుకబడదు. ఉభయభాగముల భేదమంతయు ఈ మౌనమునందు కలదని చెప్పవచ్చును.

రేఖాపరిణామము

1996లో అదే సంస్థ, టిమ్ మొదలగువారి ఆధ్వర్యమున, సూపర్‌మన్ ధారావాహికను ప్రారంభించెను. 1997లో బ్యాట్‌మన్ మఱల వచ్చినపుడు రెండింటిని జంటగా ప్రసారము చేసిరి. ఇద్దఱు నాయకులును ఒకే లోకమునకు చెందినవారైరి. అందుచే బ్యాట్‌మన్ బొమ్మలను సూపర్‌మన్ బొమ్మల తీరునకు సరిపఱచిరి. రేఖలు తగ్గినవి, కోణములు పెరిగినవి. తక్కువ గీతలు గల బొమ్మను కదలించుట తేలిక. జపాను, కొరియా దేశములందలి చిత్రశాలలలో పెక్కుచేతులు గీయు పనికి అట్టి బొమ్మ రూపు చెడక నిలుచును.

మార్పులు స్థూలముగా నిట్లున్నవి. బ్యాట్‌మన్ దుస్తులలోని నీలిచ్ఛాయ, ఱొమ్ముపైని పసుపుపచ్చని అండాకారము తొలగినవి. నలుపు, బూడిదరంగు మిగిలినవి. పైవస్త్రము ముడిచికొని నిలిచినపుడు అతడు ఒక్క నల్లని ముద్దగా కనబడును. జోకరు ఎఱ్ఱని పెదవులు పోయినవి. కన్నులు నల్లనై, నడుమ తెల్లని చుక్కలు మాత్రము మిగిలినవి. స్కేర్‌క్రో అను పాత్ర మెడలో ఉరిత్రాడుతో, వెడల్పాటి టోపితో, శవమువంటి ఆకృతిని పొందినది. పెంగ్విన్ వికృతాకారమును విడిచి, విలాసగృహమును నడపు పెద్దమనిషి యయ్యెను. నగరమునందు 1940ల నాటి చిహ్నములు సన్నగిల్లి నేటికాలపు రూపు వచ్చినది.

ఈ మార్పునకు లాభనష్టములు రెండును కలవు. నీడలు గల ముఖమున దుఃఖము దాగియుండగలదు. కనుబొమల క్రింది చీకటిలో ప్రేక్షకుడు దానిని వెదకికొనును. రేఖలు తగ్గిన ముఖమున అట్టి తావు తక్కువ. జోకరు కన్నులు పోవుటచేత అతని ఉల్లాసమునందలి మనుష్యత్వము తగ్గినదని మేము తలచుచున్నాము. తరువాతి కృతులలో కర్తలు జోకరునకు పాతపోలికను కొంత మఱల నొసగుట యీ లోపమును వారే గుర్తించిరనుటకు సూచకము.

లాభ మెట్టిది? ముఖము చెప్పలేనిదానిని నిలుకడ, దూరము, మౌనము చెప్పవలసివచ్చెను. ఒకే గదిలో ఇద్దఱు ఎంతయెడమున నిలిచియున్నారనునదియే అర్థవంతమయ్యెను. గాత్రమునందును తత్సదృశమైన మార్పు కలదు. పూర్వభాగమున కాన్‌రాయ్ బ్రూస్ వేన్‌కు తేలికయైన స్వరమును, బ్యాట్‌మన్‌కు గంభీరస్వరమును వేర్వేఱుగా ప్రయోగించెను. ముసుగు తొలగించినంతనే గొంతు మారెడిది. ఉత్తరభాగమున ఆ యెడము మిక్కిలి తగ్గినది. ఇంటిలో, ముసుగు లేనపుడు సైతము, వినబడునది దాదాపు బ్యాట్‌మన్ స్వరమే. ముసుగు మనిషిని మ్రింగుచున్నదనుటకు ఇంతకంటె సూక్ష్మమైన సూచన యుండదు. 2022 నవంబరు 10న దివంగతుడైన ఆ నటుని ప్రతిభకు ఈ స్వరభేదనిర్వహణము గొప్ప నిదర్శనము.

ప్రతినాయకుల స్థితి

వస్తుపరిణామమును గ్రహించుటకు మిస్టర్ ఫ్రీజ్‌నే మఱల చూతము. 1997 అక్టోబరులో ప్రసారమైన ‘కోల్డ్ కంఫర్ట్’ అను కథలో అతడు తిరిగి వచ్చును. నోరా స్వస్థురాలై వేఱొకరిని వివాహమాడి వెడలిపోయినది. ఫ్రీజ్ దేహము నశించి శిరస్సు మాత్రము యంత్రముపై నిలిచియున్నది. అతడిక ప్రతీకారము కోరడు, ధనము కోరడు. ఇతరులు జీవితమంతయు శ్రమించి ప్రేమించినదానిని వెదకి నాశనము చేయును: చిత్రకారుని చిత్రమును, పురాజీవుల ఎముకలను శోధించు పండితుని శోధనఫలమును. బ్యాట్‌మన్ ప్రేమించునదేమని విచారించి ఆల్‌ఫ్రెడ్‌పై పడును. నోరా స్వస్థత పొందిన కథ ‘సబ్‌జీరో’ అను చిత్రముగా 1998లో, అనగా ఈ ఎపిసోడు తరువాత, వెలువడినది. పూర్వాపరముల యీ తారుమారు ధారావాహికలయందు వింత కాదు.

‘హార్ట్ ఆఫ్ ఐస్’ చూచి కంటతడి పెట్టినవారికి ‘కోల్డ్ కంఫర్ట్’ రుచింపకపోవుట సహజమే. కరుణకు ఆలంబన మైన నోరా లేదు; గాజుగోళము లేదు. ఆలంబనము పోగా స్థాయి మిగులదు, మిగిలినది బీభత్సము. 1998లోని ‘జడ్జిమెంట్ డే’ యందు టూ-ఫేస్ మనస్సు మూడవ ముక్కగా చీలి, తన్ను తానే శిక్షించుకొను న్యాయాధిపతి యగును. అదియు ఇట్టి తుదిదశయే. ఉత్తరభాగమున ప్రతినాయకులు బాగుపడు దశ దాటినవారు. వారిపై జాలి వృథా యని కథ పలుకదు. జాలికి తావు చాలలేదని మాత్రము చూపును. పూర్వభాగముకంటె ఇది తక్కువైన రసస్థితి యని అంగీకరింపవలెను. ఉత్తరభాగపక్షపాతులు దీనిని దాచుట తగదు.

కాని ఒక్క మినహాయింపు కలదు. అది మన సిద్ధాంతమునకు బలము చేకూర్చును. హార్లీ క్విన్ అను పాత్ర ఈ ధారావాహికకు డీని, టిమ్ చేసిన కొత్తసృష్టి. 1992 సెప్టెంబరు 11న ‘జోకర్స్ ఫేవర్’ అను ఎపిసోడులో అనుచరురాలుగా పుట్టి, పిదప కామిక్సులలోనికి పోయినది. వారిద్దఱును 1994లో ఆమెపై రచించిన ‘మ్యాడ్ లవ్’ అను కామిక్ కథయే 1999 జనవరి 16న ఎపిసోడుగా ప్రసారమైనది. జోకరు ప్రేమను పొందుటకై ఆమె బ్యాట్‌మన్‌ను చంపబోవును. తనకు దక్కవలసిన వేడుక దక్కలేదని జోకరు ఆమెను కిటికీనుండి త్రోయును. గాయములతో పడియున్న ఆమె అతనిని విడువ నిశ్చయించుకొనును. ఇంతలో అతడు పంపిన ఒక్క పువ్వును చూచి మఱల కరగును. ఇచట దుఃఖము నేరమునకు కారణమగు గతము కాదు. ఇద్దఱి నడుమ ప్రతిదినము జరుగు అన్యాయము. అనగా ప్రతినాయకుల కథ కూడ గృహకథ యైనది.

నాయకుని గృహము

ఉత్తరభాగమున డిక్ గ్రేసన్ రాబిన్ కాడు. అతడు బ్యాట్‌మన్‌ను వీడి నైట్‌వింగ్ అను వేఱుపేర స్వతంత్రుడైనాడు. రాబిన్ స్థానమున టిమ్ డ్రేక్ అను చిన్నవాడు వచ్చెను. పోలీసు కమిషనరు గోర్డన్ కూతురు బార్బరా, పూర్వభాగమునందు 1993 నాటి ‘షాడో ఆఫ్ ది బ్యాట్’ కథలో తండ్రికై తొలిసారి వేషము ధరించినది, ఇపుడు బ్యాట్‌గర్ల్‌గా నిత్యసహచరి యైనది. ఇల్లు నిండినట్లు తోచును. కాని నిండిన యింటిలోనే వెలితి.

డిక్ ఏల వీడెను? 1998 అక్టోబరులో ప్రసారమైన ‘ఓల్డ్ ఊండ్స్’ ఆ కథను చెప్పును. నైట్‌వింగ్ దానిని టిమ్‌కు చెప్పుట యిందలి విశేషము. వెడలిన పెద్దబిడ్డ, ఇంటనున్న చిన్నబిడ్డకు తండ్రిని గూర్చి చెప్పుచున్నాడు. కళాశాలచదువు ముగిసిన డిక్ సంతోషమున బ్యాట్‌మన్ పనికి తావు చాలక ఘర్షణ మొదలగును. కానర్ అను చిల్లరనేరస్థుని ఇంటిలో జొఱబడి బ్యాట్‌మన్ అతనిని అతని భార్య, పసిబిడ్డ చూచుచుండగా బెదరించును. రాబిన్ ఆ బిడ్డ ముఖమును చూచును. ఒకనాడు తల్లిదండ్రులకై భయముతో నిశ్చేష్టుడై నిలిచిన బాలుడే బ్యాట్‌మన్ అయ్యెనని ప్రేక్షకు డెఱుగును; అట్టివాడు ఇంకొక బాలునికి అదే భయమును కల్గించుచున్నాడు. పూర్వభాగమున కవచమై నిలిచిన దుఃఖము ఇచట ఆయుధమై అన్యుల బిడ్డకు తగిలినది. దీనిపై బార్బరా విషయమును బ్యాట్‌మన్ తనకు చెప్పక దాచెనని తెలియగా, డిక్ అతనిని కొట్టి వేషమును విసరివేసి వెడలును. ‘రాబిన్స్ రెకనింగ్’ నందు పలుకబడిన ఆ యొక్కమాట ఇచట పలికినవారు లేరు.

కథ అంతటితో ముగియదు. ఆ కానర్ నేడు నీతిగా బ్రతుకుచున్నాడనియు, బ్రూస్ వేన్ తానుగా అతనికి ఉద్యోగ మిచ్చెననియు నైట్‌వింగ్ తెలిసికొనును. తండ్రివంటివాడు తప్పు దిద్దుకొనెను, కాని చెప్పుకొనలేదు. క్షమాపణము మాటగా రాలేదు, పనిగా వచ్చినది. అది కొడుకునకు తెలియుటకు ఏండ్లు పట్టినవి. ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఈ ఘట్టము కార్టూను కథ యని తోచదు.

టిమ్ డ్రేక్ కథయు ఈ తీరుననే నడచును. 1997 సెప్టెంబరు 20 నాటి ‘సిన్స్ ఆఫ్ ది ఫాదర్’ నందు అతడు టూ-ఫేస్ అనుచరుని కొడుకు. తండ్రిని పోగొట్టుకొని బ్యాట్‌మన్ ఇల్లు చేరును. 1998 నాటి ‘గ్రోయింగ్ పెయిన్స్’ నందు తన్నెఱుగని యొక బాలికను అతడు కాపాడబూనును. ఆమె క్లేఫేస్ అను ప్రతినాయకుని దేహమునుండి విడివడిన ముక్క యని తుదకు తెలియును. క్లేఫేస్ ఆమెను మఱల తనలో కలుపుకొనును. పట్టువడిన క్లేఫేస్ నేరముల పట్టికలో దొంగతనములు చేర్చబడుచుండగా, హత్యను కూడ చేర్చుమని రాబిన్ కోరును. పోలీసులకు ఆ హత్య అర్థము కాదు. పసివాని దుఃఖము లెక్కలోనికి రాదని ఆ యొక్క కోరిక చాటుచున్నది.

1998 మేలో ప్రసారమైన ‘ఓవర్ ది ఎడ్జ్’ నందు బార్బరా మరణించును. కూతురి రహస్య మెఱిగిన గోర్డన్ స్నేహితుడైన బ్యాట్‌మన్‌ను శత్రువుగా వేటాడును. ఇదంతయు స్కేర్‌క్రో విషవాయువు వలన బార్బరాకు కలిగిన పీడకల యని కథాంతమున తెలియును. ఆమె మేల్కొని తండ్రికి నిజము చెప్పబోగా, గోర్డన్ చెప్పనవసరము లేదని ఆపును. అతడు ఎఱిగియే ఊరకున్నాడని ధ్వని. వ్యంగ్యార్థమునకు ఇది మంచి ఉదాహరణము. ఒక్క గోర్డన్ ఇంటిలోనే మౌనము ప్రేమకు వాహిక యైనది. బ్రూస్ వేన్ ఇంటిలోని మౌనమునకు ఇది ప్రతిబింబము.

ఆక్షేపములు

ఇట్టి వ్యాఖ్యకు రెండు ఆక్షేపములు రావచ్చును. మార్పులన్నియు ప్రసారసంస్థల అవసరమువలన కలిగినవే కాని కర్తల సంకల్పమువలన కాదనుట మొదటిది. హేతువు వేఱు, అర్థము వేఱు. పోషకుని కోరికచే మొదలైన కావ్యములు మన వాఙ్మయమున కోకొల్లలు. వాని విలువను కోరికచే నిర్ణయింపము. బాలప్రేక్షకుల కొరకు రాబిన్ కావలె నన్నపుడు కర్తలు రాబిన్‌ను ఉంచిరి. ఉంచి, ఒక రాబిన్ పోవుటకును ఇంకొకడు వచ్చుటకును గల నడుమ ఏమి జరిగెనని ప్రశ్నించిరి.

ఉత్తరభాగమంతయు ఈ స్థాయిలో లేదనుట రెండవది. ఇది సత్యము. ఇరువదినాలుగింటిలో సామాన్యములు, హాస్యమాత్రములు కలవు. పూర్వభాగమునందును అట్టివి లేకపోలేదు. కృతి గమనమును తెలుపునవి దాని ఉత్తమఘట్టములు. మేము వానినే ప్రమాణముగా గైకొంటిమి.

తదనంతరకృతియు మా వ్యాఖ్యకు సాక్ష్యమిచ్చును. ఉత్తరభాగపు తుదిఎపిసోడునకు ఆరు దినముల ముందు, 1999 జనవరి 10న, అదే కర్తల ‘బ్యాట్‌మన్ బియాండ్’ ప్రారంభమైనది. అందు బ్రూస్ వేన్ ముదుసలి. విశాలమైన భవనమున ఒక కుక్కతో ఒంటరిగా నుండును. డిక్ లేడు, టిమ్ లేడు, బార్బరా దూరమైనది. 2000లో వచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ది జోకర్’ అను చిత్రము టిమ్ డ్రేక్ జోకరు చేతిలో పడిన యాతనను, అతడు ఏల ఆ వేషమును విడిచెనో తెలుపును. పూర్వభాగమునందలి వీరునినుండి ఈ ఏకాకియగు వృద్ధునివఱకు గల మార్గము ఉత్తరభాగమే. దానిని తొలగించి చూచినచో ఈ వార్ధకమునకు కారణము దొరకదు.

ఉపసంహారము

ఉత్తరభాగమున చీకటి తగ్గినది, ప్రతినాయకులపై కరుణ తగ్గినది, ఇవి నష్టములు. కాని పూర్వభాగము వేయని ప్రశ్నను ఉత్తరభాగము వేసినది. అన్యుల దుఃఖమును గుర్తింపగల నాయకుడు తన యింటిలోని దుఃఖమును ఏల గుర్తింపలేకపోయెను? తన గాయము నుండి ధర్మమును నిర్మించుకొన్నవాడు, ఆ గాయమునే పెంపుడుబిడ్డలకు వారసత్వముగా ఇచ్చునా? వీరకథ లన్నియు ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొనవలసిన ప్రశ్న లివి. మన ఉత్తరరామకథ వీనిని ఏనాడో ఎదుర్కొన్నది.

దీర్ఘకృతుల తుదిభాగములను పరిశీలించు విద్యార్థులకు దీనివలన ఒక సూచన లభించును. పైరూపున మార్పు కనబడినంతనే ఉత్కర్షాపకర్షలను నిర్ణయింపరాదు. మొదట ఏ పాత్ర దుఃఖము కథకు కేంద్రమై యుండెనో, తుదకు ఏ పాత్ర దుఃఖము కేంద్రమయ్యెనో చూడవలెను. ఆ పిమ్మట రూపములోని మార్పు దానికి అనుకూలమైనదా, ప్రతికూలమైనదా విచారింపవలెను. బ్యాట్‌మన్ ముఖమున రేఖలు తగ్గుట నాయకుని కథకు అనుకూలించినది. జోకరు ముఖమున తగ్గుట ప్రతినాయకుని కథకు ప్రతికూలించినది. ఒకే మార్పు ఒకచోట గుణము, వేఱొకచోట దోషము. ఔచిత్యవిచారమునకు ఇంతకంటె వేఱు పాఠ మక్కఱలేదు. మా యీ ప్రయత్నమున లోపము లున్నచో విజ్ఞులు దిద్దుదురు గాక.